జడ్జి కుర్చీలో వాళ్ల ఆడిటరే కూర్చుంటే కోర్టు ఊరుకుంటుందా?

ప్రశ్న: వకీలు సారుకు నమస్కారం. మాది మిర్యాలగూడ దగ్గర ఊరు. మా ఆయన, ఆయన స్నేహితుడు కలిసి రైస్ మిల్లు పెట్టారు. ఆరేండ్ల కింద మా ఆయన చనిపోతే, ఆయన వాటాకు నన్ను పార్ట్‌నర్‌గా చేర్చుకుని కొత్త డీడ్ రాశారు. దాని మీద సంతకం నేనే చేశాను. మిల్లు నడిపేదంతా ఆ అన్ననే. ఏటా నా వాటా లాభం బ్యాంకులో వేసేవాడు. రెండేండ్లుగా పైసా లేదు. గట్టిగా లెక్క అడిగితే, "మూడేండ్ల కిందనే 18 లక్షలు నగదు తీసుకుని తప్పుకున్నావు కదమ్మా" అని ఒక రిటైర్‌మెంట్ డీడ్ తీసి చూపించాడు. ఆ సంతకం నాది కాదు. ఆ డబ్బు నా కంటపడలేదు.

పాత డీడ్‌లో "గొడవ వస్తే మన ఆడిటర్ గారు చెప్పిందే తీర్పు" అని ఉంది. ఇప్పుడు ఆ ఆడిటరే ఆర్బిట్రేటర్‌నంటూ (అంటే కోర్టు బదులు తగాదా తేల్చి తీర్పు చెప్పే మనిషినంటూ) నోటీసు పంపాడు. మిల్లు లెక్కలే కాదు, ఆ అన్న సొంత లెక్కలు చూసేదీ ఈయనే. పైగా ఇద్దరూ వియ్యంకులు, నిరుడే పెండ్లయింది. నోటీసు అంది పది రోజులైంది. మొన్న మొదటి సిటింగ్‌కు పోయి రిజిస్టర్‌లో సంతకం పెట్టి వచ్చాను. ఒక వకీలు సివిల్ కోర్టులో దావా వేద్దామంటారు. ఇంకొకాయన ఆర్బిట్రేషన్ మొదలైంది కాబట్టి తీర్పు వచ్చేదాకా కోర్టు వేలు పెట్టదంటారు. మా తమ్ముడేమో అసలు సిటింగ్‌లకు పోవద్దంటున్నాడు. ఏం చేయాలి? వకీలు ఫీజుకే వెనకాముందు చూసుకునే పరిస్థితి నాది.

సమాధానం: అమ్మా, గడువు దగ్గర పడింది కాబట్టి ఈ జవాబు మీకు ముందే పంపించాను. ఇలాంటి గొడవల్లో ఇరుక్కున్న మిల్లు, జిన్నింగు, కాంట్రాక్టు భాగస్వాములు మన దగ్గర చాలామందే ఉన్నారు. వాళ్లకూ పనికొస్తుందని ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

మీ ఉత్తరంలో రెండు తగాదాలు కలగలిసి ఉన్నాయి. ఒకటి దొంగ సంతకం. రెండోది, ఆ సంతకం దొంగదో కాదో తేల్చడానికి కూర్చున్న మనిషి. మీ మనసంతా మొదటిదాని మీదే ఉంది. కానీ కోర్టు ఇప్పటికిప్పుడు చేయి పెట్టగలిగేది రెండోదాంట్లో. అందుకే ముందు కుర్చీ సంగతి తేల్చుకోండి, సంతకం సంగతి ఆ తర్వాత చూద్దాం. ఈ వరస తిరగేసినవాళ్లు ఏండ్ల తరబడి కోర్టు మెట్లెక్కి, చివరికి మళ్లీ అదే ఆర్బిట్రేటర్ ముందు నిలబడాల్సి వస్తుంది.

మీకు సలహా ఇచ్చిన ఇద్దరు వకీళ్లూ చెరిసగం నిజం చెప్పారు. 1996 ఆర్బిట్రేషన్ చట్టం 5వ సెక్షన్ ప్రకారం, ఆ చట్టం చెప్పిన చోట్ల తప్ప కోర్టు జోక్యం చేసుకోకూడదు. "కోర్టు వేలు పెట్టదు" అన్న మాట అక్కడి నుంచి వచ్చిందే. కానీ చట్టమే కొన్ని చోట్ల తలుపు తెరిచి పెట్టింది. ఆర్బిట్రేటర్‌కు ఆ కుర్చీలో కూర్చునే అర్హతే లేదంటే, తీర్పు దాకా ఆగాల్సిన పని లేదు.

2015లో చట్టాన్ని సవరించి ఏడో షెడ్యూలు అని ఒకటి చేర్చారు. ఎవరెవరు ఆర్బిట్రేటర్‌గా పనికిరారో దాంట్లో వరసగా రాసి ఉంటుంది. మొదటి వరుసలోనే ఒక పక్షానికి ఉద్యోగి, కన్సల్టెంటు, సలహాదారు, ఇప్పుడైనా గతంలోనైనా వ్యాపార సంబంధం ఉన్నవాడు అని ఉంది. మీ ఆడిటర్ గారు సూటిగా అందులోకే వస్తారు. 12వ సెక్షన్ 5వ క్లాజు ప్రకారం, ముందు ఏ ఒప్పందం రాసుకున్నా సరే, ఇలాంటివాళ్లు పనికిరారు. "డీడ్‌లో ఆయన పేరు ఉందని తెలిసే సంతకం పెట్టావు కదా" అన్న వాదన ఇక్కడ నిలబడదు.

వాళ్లు ఇంకో మాట అంటారు, తయారుగా ఉండండి: "ఆయన మిల్లు ఆడిటర్, మిల్లు ఇద్దరిదీ, కాబట్టి ఆయన ఇద్దరికీ సమానమే కదా?" వినడానికి బాగానే ఉంటుంది. అందుకే ఆయన మీ భాగస్వామి సొంత రిటర్నులు కూడా దాఖలు చేస్తాడన్న సంగతి మీకు బలమైన పట్టు. మీ రిటర్నులు ఆయన చూడనట్లయితే ఆ మాట అర్జీలో రాయండి.

ఇక వియ్యంకం. మన ఊళ్లో ఎవరిని అడిగినా, ఇంతకన్నా దగ్గరి చుట్టరికం ఏముంటుందంటారు. చట్టం మాత్రం అలా చూడదు. ఏడో షెడ్యూలులో "దగ్గరి కుటుంబ సంబంధం" అంటే భార్యాభర్తలు, తోబుట్టువులు, పిల్లలు, తల్లిదండ్రులు, జీవిత భాగస్వామి, అంతే. వియ్యంకుడు లేడు, బావమరిది లేడు, తోడల్లుడూ లేడు. దీన్ని రాసినవాళ్లకు మన పెండ్లి సంబంధాలతో వ్యాపారాలు ఎట్లా ముడిపడి ఉంటాయో తెలిసినట్టు లేదు. దానర్థం ఆ చుట్టరికం లెక్కలోకి రాదని కాదు. నిష్పాక్షికత మీద న్యాయమైన అనుమానం కలిగించే ఏ కారణంతోనైనా అభ్యంతరం చెప్పవచ్చు. కాకపోతే దాని దారి వేరు. ఆ అభ్యంతరాన్ని 13వ సెక్షన్ కింద 15 రోజుల్లోపు ఆ ఆర్బిట్రేటర్‌కే ఇవ్వాలి. ఆయనే తేలుస్తాడు. కొట్టేస్తే విచారణ సాగుతుంది, తీర్పు వచ్చాకే కోర్టుకు పోవాలి. ఈ రెండు దారుల తేడాను సుప్రీంకోర్టు 2017లో గెయిల్ కంపెనీ కేసులో విడమరిచి చెప్పింది.

వియ్యంకం విషయంలో ఇంకొకటి మీకు కలిసొస్తుంది. ఆర్బిట్రేటర్‌ను ఎంచుకోవడంలో మీ చేయి కూడా ఉంటే, ఆ తర్వాత తెలిసిన కారణాలతోనే ఆయన్ను సవాలు చేయగలరు. డీడ్ రాసింది ఆరేండ్ల కింద, పెండ్లి నిరుడు. కాబట్టి ఆ అడ్డు మీకు లేదు. శుభలేఖ ఒకటి సంపాదించి కాయితాల్లో పెట్టండి.

మీ చేతిలో ఇంకా ఐదు రోజులే ఉన్నాయి. ఒకే అర్జీలో రెండు కారణాలూ రాయించండి: ఒకటి ఆడిటర్‌గా వ్యాపార సంబంధం, రెండోది వియ్యంకం. ఆయన 12వ సెక్షన్ కింద తన సంబంధాలన్నీ రాతపూర్వకంగా వెల్లడించాలని అదే అర్జీలో అడగండి. ఆ కాయితం ఇవ్వడం ఆయన బాధ్యత. ఇచ్చి ఉంటే నోటీసుతో పాటే వచ్చి ఉండాలి, మీరు ఆ మాటే రాయలేదు కాబట్టి ఇవ్వలేదనుకుంటున్నాను. అర్జీని చేతికిచ్చి కాపీ మీద అందినట్టు సంతకం తీసుకోండి. పెట్టనంటే స్పీడ్ పోస్టు చేయండి, ఈమెయిల్ కూడా పంపండి.

రిజిస్టర్‌లో పెట్టిన సంతకం గురించి టెన్షన్ పడకండి. ఏడో షెడ్యూలు అభ్యంతరాన్ని వదులుకోవాలంటే, గొడవ మొదలయ్యాక రెండు పక్షాలూ స్పష్టంగా, రాతపూర్వకంగా ఒప్పుకోవాలి. ఊరికే హాజరైతే వదులుకున్నట్టు కాదని సుప్రీంకోర్టు 2019లో భారత్ బ్రాడ్‌బ్యాండ్ కేసులో చెప్పింది. నా భయం వేరేచోట ఉంది. మొదటి సిటింగ్ మినిట్స్ టైపు చేసేటప్పుడు "ఆర్బిట్రేటర్ నియామకంపై ఉభయ పక్షాలకు అభ్యంతరం లేదు" అని ఒక వాక్యం అలవాటుగా దూరుస్తారు. జనం చదవకుండానే కింద సంతకం పెట్టి వస్తారు. మీరు పెట్టింది హాజరు పట్టీ మీదనా, ఆ మినిట్స్ కిందనా? రేపే మినిట్స్ కాపీ అడగండి. అందులో ఆ వాక్యం ఉంటే, "నేను అలా ఒప్పుకోలేదు" అని అదే రోజు రాతపూర్వకంగా పంపండి. నెల తర్వాత రాస్తే దాని విలువ వేరుగా ఉంటుంది.

అర్జీ ఇచ్చాక 14వ సెక్షన్ కింద కోర్టులో పిటిషన్ వేయాలి. చట్టరీత్యా అనర్హుడు కాబట్టి ఆయన అధికారం ముగిసిపోయిందని ప్రకటించమని అడుగుతారు. నల్లగొండ ప్రిన్సిపల్ జిల్లా కోర్టులో వేయాలా, వ్యాపార వివాదాలకు కేటాయించిన కోర్టులోనా అన్నది మీ వకీలు చూసుకుంటారు. ఆ ఆడిటర్ కుర్చీ దిగితే మరి ఎవరు? మీ భాగస్వామి ఇంకొకరిని తీసుకొచ్చి కూర్చోబెట్టలేడు. తగాదా ఫలితంతో లాభనష్టాలున్నవాడు ఏకైక ఆర్బిట్రేటర్‌ను ఒంటరిగా పెట్టలేడని సుప్రీంకోర్టు 2019లో పెర్కిన్స్ ఈస్ట్‌మన్ కేసులో తేల్చింది. ట్రాక్టర్‌కో లారీకో ఫైనాన్స్ తీసుకున్నవాళ్లకు ఈ బాధ బాగా తెలుసు. అప్పిచ్చిన కంపెనీయే ఆర్బిట్రేటర్‌ను పెట్టుకుంటుంది, నోటీసు ఏ చెన్నై నుంచో దిగుతుంది. వాళ్లకూ ఈ తీర్పే ఆధారం. 2024 నవంబరులో ఐదుగురు జడ్జీల రాజ్యాంగ ధర్మాసనం కూడా రైల్వే కాంట్రాక్టుల కేసులో, ఇలా ఒక పక్షం ఏకపక్షంగా నియమించే క్లాజులు సమానత్వానికి విరుద్ధమని చెప్పింది. మీ ఇద్దరికీ ఒక పేరు మీద పొత్తు కుదరకపోతే, 11వ సెక్షన్ కింద తెలంగాణ హైకోర్టు ఒకరిని నియమిస్తుంది.

ఇంత సేపు కుర్చీ గురించే ఎందుకు చెప్తున్నానంటే, సంతకం తగాదాలో ఆ ఆడిటరే కీలక సాక్షి. మీరు మూడేండ్ల కిందనే తప్పుకున్నారన్నది వాళ్ల మాట. లాభం ఆగింది రెండేండ్ల నుంచే అన్నది మీ మాట. అంటే తప్పుకున్నారని చెప్తున్న తర్వాత కూడా ఒక ఏడాది మీ వాటా మీ బ్యాంకు ఖాతాలో పడింది. 18 లక్షలు తీసుకుని వెళ్లిపోయిన మనిషికి లాభం ఎందుకు పంచారు? ఆ ఏడాది మిల్లు బ్యాలెన్స్ షీటులో మీ పేర క్యాపిటల్ ఖాతా ఉందా, ఆదాయపు పన్ను రిటర్నులో భాగస్వాముల వివరాల్లో మీ పేరు ఉందా? వాటిని తయారు చేసిన చేయి ఈ ఆడిటర్‌దే. బోనెక్కి జవాబు చెప్పాల్సిన మనిషి తీర్పు చెప్తానంటున్నాడు, దొంగ చేతికి తాళాలు ఇచ్చినట్టే ఉంది. వివాదంలో ముందే ప్రమేయం ఉన్నవాడు పనికిరాడని కూడా ఏడో షెడ్యూలు అంటుంది. 14వ సెక్షన్ పిటిషన్‌లో ఈ ముక్క తప్పకుండా ఉండాలి.

బ్యాంకు స్టేట్‌మెంటు ఈ వారమే తెచ్చుకోండి. ఫర్మ్‌ల రిజిస్ట్రార్ దగ్గర మిల్లు రికార్డు సర్టిఫైడ్ కాపీ తీయించండి, మీరు తప్పుకున్నట్టు ఏ తేదీన నమోదైందో, అసలు నమోదైందో లేదో తెలుస్తుంది. జీఎస్టీ రిజిస్ట్రేషన్‌లో, మిల్లు బ్యాంకు ఖాతాలో భాగస్వాముల పేర్లు ఎప్పుడు మారాయో చూడండి. ఆ దొంగ డీడ్ స్టాంపు పేపరు మీద ఉంటే వెనక వెండరు ముద్ర, సీరియల్ నంబరు, కొన్న తేదీ, కొన్నవాళ్ల పేరు ఉంటాయి. ఇక 18 లక్షల నగదు. 2017 ఏప్రిల్ నుంచి రెండు లక్షలు, ఆపైన నగదుగా తీసుకోవడం ఆదాయపు పన్ను చట్టానికి విరుద్ధం, జరిమానా తీసుకున్నవాళ్ల మీద పడుతుంది. దాన్ని చూపించి "కేసు పెడితే నీకే ఫైన్" అని మిమ్మల్ని బెదిరించవచ్చు. మీరు తీసుకోలేదు కాబట్టి ఆ బెదిరింపుకు లొంగకండి. ఆ డబ్బు మిల్లు ఏ ఖాతా నుంచి తీశారో చూపించమని ఎదురు అడగండి.

ఇప్పుడు మోసం గురించి. "ఫోర్జరీ ఉంది కాబట్టి ఆర్బిట్రేషన్ కుదరదు, సివిల్ కోర్టుకే పోదాం" అన్న వకీలు గారు బహుశా 2009 నాటి ఎన్. రాధాకృష్ణన్ తీర్పును మనసులో పెట్టుకున్నారు. అప్పుడు సుప్రీంకోర్టు, భాగస్వామ్య తగాదాలోనే, తీవ్రమైన మోసం ఆరోపణలుంటే కోర్టే చూడాలంది. ఆ తర్వాత గాలి మారింది. 2016లో అయ్యసామి కేసులో, మోసం అన్న మాట వినపడగానే ఆర్బిట్రేషన్ ఆగిపోదంది. 2019లో రషీద్ రజా కేసు కూడా భాగస్వాముల మధ్య డబ్బు మళ్లించారన్న గొడవే. అందులో కోర్టు రెండు ప్రశ్నలు పెట్టింది: ఆ మోసం ఒప్పందం మొత్తాన్ని, ముఖ్యంగా ఆర్బిట్రేషన్ క్లాజునే చెల్లకుండా చేస్తుందా? లేక భాగస్వాముల ఇంటి లెక్కలకే పరిమితమై, బయటి జనానికి సంబంధం లేనిదా? 2020లో అవిటెల్ కేసులోనూ ఇదే దారి.

ఈ ప్రశ్నలు మీ కాయితాలకు వేసి చూడండి. ఆర్బిట్రేషన్ క్లాజు ఉన్నది పాత డీడ్‌లో, అందులో సంతకం మీదేనని మీరే అంటున్నారు. దొంగదన్నది తర్వాతి రిటైర్‌మెంట్ డీడ్. కాబట్టి క్లాజు చెక్కుచెదరకుండా ఉంది. రేపు మీరు దావా వేస్తే, అవతలివాళ్లు జవాబు దాఖలు చేయకముందే 8వ సెక్షన్ కింద అర్జీ పెడతారు, కోర్టు మిమ్మల్ని ఆర్బిట్రేషన్‌కే పంపే అవకాశం ఎక్కువ. కోర్టు ఫీజు, వాయిదాలు, రెండేండ్లు పోతాయి. అసలు డీడే ఫోర్జరీ అయి ఉంటే నేను వేరే సలహా ఇచ్చేవాణ్ని. కాబట్టి ఈ దావా మాట పక్కన పెట్టండి.

ఫోర్జరీని ఆర్బిట్రేటర్ తేల్చగలడా అని సందేహం రావచ్చు. తేల్చగలడు. నిపుణుణ్ని పెట్టి సంతకాలు పోల్చి చూపించే అధికారం 26వ సెక్షన్ ఇచ్చింది. బ్యాంకు మేనేజరో స్టాంపు వెండరో రానంటే, 27వ సెక్షన్ కింద కోర్టు ద్వారా పిలిపించవచ్చు. పోలీసు కేసు వేరు దారి, దాని కోసం ఇది ఆగదు, దీని కోసం అది ఆగదు. ఫిర్యాదు ఇవ్వడం వల్ల ఒరిజినల్ డీడ్ పోలీసుల స్వాధీనంలోకి వచ్చి, ఫోరెన్సిక్ పరీక్షకు పోయే వీలుంటుంది. లేకపోతే ఒరిజినల్ "పోయింది" అంటారు.

ఈలోపు మిల్లు యంత్రాలు అమ్మేస్తారనో, ధాన్యం స్టాకు మాయం చేస్తారనో, ఖాతా ఖాళీ చేస్తారనో భయముంటే 9వ సెక్షన్ కింద తాత్కాలిక ఉత్తర్వు అడగవచ్చు. ఆర్బిట్రేటర్ ఉన్నాడు కదా, ఆయన్నే అడుక్కో అని కోర్టు సాధారణంగా అంటుంది. కానీ ఆ ఆర్బిట్రేటరే అనర్హుడైనప్పుడు ఆ దారి మీకు పనికిరాదని వాదించడానికి చట్టంలోనే చోటుంది. 14వ సెక్షన్ పిటిషన్‌తో కలిపి వేయించండి.

మీ తమ్ముడి సలహా మాత్రం అస్సలు వినకండి. మీరు పోకపోతే ఏకపక్షంగా తీర్పు ఇచ్చేయడానికి చట్టం ఒప్పుకుంటుంది. వచ్చిన కవర్లు తిప్పి పంపినా అందినట్టే లెక్క. ప్రతి సిటింగ్‌కు పోండి, "నా అభ్యంతరానికి లోబడి హాజరయ్యాను" అని రాసి సంతకం పెట్టండి.

అన్నీ చేసినా, పిటిషన్ తేలేలోపు ఆయన తీర్పు ఇచ్చేశాడనుకోండి. సంతకం చేసిన తీర్పు ప్రతి మీ చేతికి అందిన రోజు నుంచి మూడు నెలల్లో 34వ సెక్షన్ కింద కొట్టేయమని అడగాలి. సరైన కారణం చూపిస్తే ఇంకో 30 రోజులు. ఆ తర్వాత ఒక్క రోజు ఆలస్యమైనా కోర్టుకు కూడా మన్నించే అధికారం లేదు. ఇది అప్పీలు కాదు, సాక్ష్యాలు మళ్లీ తూచరు. తీర్పు మోసంతోనో లంచంతోనో వచ్చిందని, అనర్హుడు ఇచ్చాడని చూపించాలి. పిటిషన్ వేసినంత మాత్రాన తీర్పు అమలు ఆగదు, 36వ సెక్షన్ కింద స్టే విడిగా అడగాలి. మామూలుగా డబ్బు కట్టించుకుని స్టే ఇస్తారు. కానీ తీర్పుకు ఆధారమైన ఒప్పందమో, తీర్పు ఇవ్వడమో మోసంతో జరిగిందని ప్రాథమికంగా కనిపిస్తే ఏ షరతూ లేకుండా స్టే ఇవ్వాల్సిందేనని 2021 సవరణ చెప్తుంది. అప్పటికి పోలీసుల దగ్గర ఫోరెన్సిక్ రిపోర్టు ఉంటే ఇక్కడ అక్కరకొస్తుంది.

తర్వాత బయటపడిన మోసాన్ని కూడా కోర్టు వింటుంది. సత్యం కంప్యూటర్స్ గుర్తుందా? విదేశీ భాగస్వామి వెంచర్ గ్లోబల్‌తో తగాదాలో సత్యానికి అనుకూలంగా 2006లో ఆర్బిట్రేషన్ తీర్పు వచ్చింది. 2009 జనవరిలో లెక్కలన్నీ తప్పుడివని రామలింగరాజు ఉత్తరం బయటికొచ్చింది. అవతలి కంపెనీ ఆ సంగతిని తన పిటిషన్‌లో చేర్చుకుంటానంటే 2010లో సుప్రీంకోర్టు ఒప్పుకుంది. దాచిన నిజానికి, వచ్చిన తీర్పుకు లంకె ఉంటే చాలంది.

మధ్యలో పెద్దమనుషులు వస్తారు, "ఇంటి గొడవ బజారుకెందుకు, ఐదారు లక్షలిప్పిస్తాం" అంటారు. మాట్లాడటంలో తప్పు లేదు. కానీ లెక్క చూడకుండా అంకె ఒప్పుకోకండి, ఖాళీ కాయితం మీద సంతకం పెట్టకండి.

ఫీజు సంగతి. 1987 న్యాయ సేవల చట్టం 12వ సెక్షన్ ప్రకారం, ఆదాయంతో సంబంధం లేకుండా ఆడవాళ్లందరికీ ఉచిత న్యాయ సహాయం పొందే హక్కుంది. నల్లగొండలో జిల్లా న్యాయ సేవాధికార సంస్థకు దరఖాస్తు పెట్టండి, 14వ సెక్షన్ పిటిషన్‌కు వకీలును ఇవ్వమని అడగండి. ఆర్బిట్రేషన్ కేసులు చేసిన వకీలే కావాలని కూడా అక్కడే చెప్పండి. పాత డీడ్, నోటీసు, మినిట్స్ కాపీ, బ్యాంకు స్టేట్‌మెంటు వెంట తీసుకుపోండి. ఆ ఐదు రోజుల గడువు మాత్రం దరఖాస్తు కోసం ఆగదు కాబట్టి, ఆర్బిట్రేటర్‌కు ఇచ్చే అర్జీని ముందు మీరే తెలుగులో రాసి పంపేయండి.